అమ్మమ్మ పాత సర్వర్‌కు పెట్టిన పరీక్ష

అమ్మమ్మ ఆఫీసులో ఉన్నది ఒకటే ఫ్యాను. అది మనుషులకు కాదు, మూల బల్ల మీది కంప్యూటర్‌కు. వీధిలోని డాక్టరుగారి అపాయింట్‌మెంట్లు, బేకరీ ఆర్డర్లు, డ్రైవింగ్ స్కూలు, లైబ్రరీ, అన్నిటి వెబ్‌సైట్లూ ఆ ఒక్క కంప్యూటర్‌లోనే కాపురం ఉంటున్నాయి. వాటిని నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్ ఆమె వయసులో ఉండగా నేర్చుకున్నది. దాని సెట్టింగులన్నీ ఆమెకు కంఠతా వచ్చు. సొంత తమ్ముడి పుట్టినరోజు మాత్రం గుర్తుండదు.

మొన్న బేకరీ సైటు చెడిపోతూ పోతూ డాక్టరుగారి సైటునూ వెంట తీసుకుపోయింది. మళ్లీ ఇలా జరిగితే వేరేచోటు చూసుకుంటానని ఆయన మర్యాదగానే చెప్పారు. ఆయన కదిలితే వెనకే వీధంతా కదులుతుందని అమ్మమ్మకు తెలుసు.

"అక్కా, ఈ కొత్త సర్వర్ పెడదాం. ఏ సైటును ఆ సైటుగా విడిగా నడుపుతుంది. దేని మెమరీ దానికి కొలిచి ఇస్తుంది," అన్నాడు ఆమెతో కలిసి ఆఫీసు నడిపే తమ్ముడు.

"కొత్తొక వింత, పాతొక రోత! నా దానికేం రోగంరా?"

"దానికేం లేదు. పక్కవాడి రోగం అంటిస్తుందంతే."

అమ్మమ్మ మూతి ముడుచుకుంది. తమ్ముడి నోరు మూయించడానికి తనే ఒక పరీక్ష పెట్టింది. ఖాళీగా ఉన్న ఇంకో కంప్యూటర్‌లో సైట్లన్నిటి నకళ్లూ పెట్టి, బేకరీ నకలు మెమరీనంతా మింగేలా చేసి, డాక్టరుగారి పేజీ తెరుచుకుంటుందో లేదో చూడాలి. ముందు పాత సర్వర్‌తో, తర్వాత కొత్తదానితో.

పాతదానితో బేకరీ కూలింది. వెనకే డాక్టరు, డ్రైవింగ్ స్కూలు, లైబ్రరీ వరసగా కూలాయి.

"వేడెక్కిందేమోరా."

తమ్ముడు ఫ్యానును ఈ కంప్యూటర్ వైపు తిప్పి, పరీక్ష మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి అన్నీ చల్లగా కూలాయి.

కొత్తదానితో బేకరీ ఒక్కటే పడి, తనంతట తనే లేచింది. డాక్టరుగారి పేజీ ఏమీ ఎరగనట్టు తెరుచుకుంది.

అమ్మమ్మ ఆ పేజీని మూసి, ఇంకోసారి తెరిచి చూసింది. ఇంతకాలం ఆఫీసులో అన్నీ తెలిసిన మనిషి తనే. ఇక ప్రతి చిన్నదానికీ తమ్ముణ్ణి అడగాలి. అదే మింగుడు పడలేదు.

"సరే, కొత్తదే. డాక్టరుది ముందు మారుద్దాం," అంది చివరికి.

తమ్ముడు కీబోర్డు అందుకోబోయాడు. అమ్మమ్మ అతని చేతిమీద ఒక్కటిచ్చింది.

"నోటితో చెప్పు. టైపు నేను చేస్తా."

"తప్పు కొడితే?"

"తిట్టు. నీకు లెక్కలు నేనలాగే నేర్పాను."

మొదటి లైనులోనే అవకాశం దొరికింది. తమ్ముడు వదులుకోలేదు.