ఫోటోనా, బొమ్మనా?

పోయిన నెల కోరుట్ల ఆడపిల్లల బడి నుంచి సైన్సు మేడం ఫోన్ చేసింది. "సార్, ఈసారి బ్లాక్ హోల్ మీద చెప్పుండ్రి. మంచి మంచి వీడియోలు పెట్టుండ్రి, పిల్లలు నోరు తెరిచి చూడాలె" అంది. సరేనన్నాను. అప్పటి నుంచి వారం రోజులు జగిత్యాలలో మా ఇంటి వరండాలో కూర్చుని, ఫోన్‌ను ముక్కుకు ఆనించుకుని, నమ్మదగిన బ్లాక్ హోల్ బొమ్మ ఒక్కటైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరికినవి చూస్తే ఒళ్లు మండింది. ఒకదాంట్లో అది సుడిగుండంలా గిరగిరా తిరుగుతూ భూమిని చెరుకు ముక్కలా పీల్చి పారేస్తోంది. ఇంకోదాంట్లో పులి గాండ్రింపు. గాలే లేనిచోట ఆ చప్పుడు ఎక్కడిదని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. మూడోది చూడ్డానికి ముద్దుగానే ఉంది. కానీ ఎవరు గీశారో, దేన్ని ఆధారం చేసుకుని గీశారో కింద ఒక్క ముక్క లేదు. ఇప్పుడు యంత్రాన్ని అడిగితే అదే గీసిస్తుందట. లక్షల మంది చూశారని పక్కన అంకె మాత్రం వేశారు. లక్షల మంది చూస్తే అబద్ధం నిజమవుతుందా?

నేను బడిలో చదివింది ఐదో తరగతి. మిగిలిన చదువంతా సిరిసిల్లలో సాంచాల మధ్య నిలబడి చదివాను. సాంచా అంటే మరమగ్గం. పది సాంచాలు ఒక్కసారి నడిస్తే పక్కమనిషి మాట వినబడదు గనుక, గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకమే నాతో మాట్లాడేది. దారం తెగినప్పుడు పేజీ మడిచి, ముడి వేసి, మళ్లీ తెరిచేవాణ్ని. ఆ చదువుతోనే ఊరూరా బళ్లలో చుక్కల సంగతులు చెబుతున్నాను. పెద్ద చదువుల వాళ్లు నేను చెప్పింది తప్పని ఒక్కరూ అనలేదు. "ఎక్కడ చదివారు?" అని మాత్రం అందరూ అడిగారు. ఆ ప్రశ్న మీద నాకు ఇప్పటికీ కోపమే. అయితే బొమ్మల విషయంలో నా పంతానికి ఆ కోపం కారణం కాదు. కారణం మా అక్క.

అక్కను మల్లాపూర్‌లో ఇచ్చారు. అక్కడి ఆడవాళ్లందరిలాగే ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేసేది. నలభై ఏళ్ల కిందట తోకచుక్క వస్తుందని పేపర్లు రాసినప్పుడు, నేను ఒక పేపర్లో వచ్చిన రంగుల బొమ్మ పట్టుకుని సిరిసిల్ల నుంచి వాళ్లింటికి వెళ్లాను. బొమ్మలో తోక సగం ఆకాశం నిండా ఉంది. "అచ్చం గిట్లనే ఉంటది" అని బీడీలు చేసే ఆడవాళ్ల ముందు ఛాతీ విరుచుకుని చెప్పాను. అక్క నా మాట నమ్మి, వాళ్లు అక్క మాట నమ్మి, పదిహేను మంది తెల్లవారకముందే చలిలో ఊరి బయటి పొలానికి వచ్చారు. ఎంతసేపు చూసినా దూదిపింజంత మసక తప్ప ఏమీ లేదు. అదే తోకచుక్క. ఒకామె కొంగు నెత్తి మీదికి లాక్కుంటూ, "గిదాని కోసమేనానే నీ తమ్ముడు మమ్ముల నిద్ర లేపింది? మా చాటల పొగాకు పొట్టు గింతకన్న మంచిగ మెరుస్తది" అంది. అందరూ నవ్వుకుంటూ వెళ్లిపోయారు. మసకను రెండోసారి చూసినవాళ్లు లేరు.

అక్క నన్ను ఒక్క మాట అనలేదు. బస్సు దగ్గర మాత్రం అడిగింది. "తమ్మీ, నువ్వు చూపిచ్చింది ఫోటోనా, బొమ్మనా?"

"బొమ్మనే అక్కా."

"గా ముచ్చట ముందుగాల చెప్తే అయిపోవు గదరా. చిన్నగుంటేంది? గంత దూరంకెళ్లి అచ్చినదాన్ని మురిసి చూద్దుము." ఆకాశం వైపు చూసి, "మల్ల మా బతుకుల అస్తదా గది?" అంది.

రాదు. డెబ్బై అయిదేళ్లు దాటితే గానీ రాదు. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టే బస్సెక్కేదాకా తల ఎత్తలేకపోయాను.

అక్క ఇప్పుడు కోరుట్లలో తన బిడ్డ దగ్గర ఉంటోంది. చూపు బాగా తగ్గింది. అయినా ఊరుకోదు, బిడ్డ చేసిన బీడీలను వేళ్లతో తడిమి, పొగాకు సరిగా నిండని లొట్టవి ఏరి పక్కన పెడుతుంది. కట్టలో ఒక్క లొట్ట బీడీ దొరికినా కంపెనీ తరఫున సరుకు చూసేవాడు కట్టనంతా అనుమానిస్తాడని అక్క భయం. నా ఉపన్యాసం సంగతి తెలియగానే ఫోన్ చేసింది. "నేను సుత అస్త. ముందట కుర్చీ ఏయించు." ఏమి అడుగుతుందో నాకు తెలుసు.

చివరికి మూడు బొమ్మలే ఉంచాను. సుడిగుండం కింద పెద్ద అక్షరాలతో 'ఊహ' అని రాశాను. రెండోది శాస్త్రజ్ఞులు వెలుగు ఎట్లా వంగుతుందో లెక్క కట్టి గీయించింది. చీర అంచు నేసే ముందు గళ్ల కాగితం మీద పోగులు లెక్కపెట్టి వేసే డిజైను లాంటిది. బట్ట కాదు గానీ, ఉత్త ఊహ కూడా కాదు. దాని కింద 'లెక్క' అని రాశాను. మూడోది భూమి మీద దూరదూరాన ఉన్న రేడియో దూరదర్శినులు కలిసి పట్టుకున్న, నిజం బ్లాక్ హోల్ చుట్టూ ఉన్న వెలుగు, నారింజ రంగు ఉంగరం. మధ్యలో చీకటి, అంచులు అలికినట్టు. దాని కింద 'ఫోటో'. మేడం చూసి, "సార్, గింత మసకగున్నదాన్ని ఆఖరుకు పెడితే పిల్లలు ఏమంటరో" అంది.

అన్నారు కూడా. ఉపన్యాసం రోజు ప్రొజెక్టర్ నుంచి గోడ మీద ఉంగరం పడగానే ఒక పిల్ల, "గిదేంది తాతా, గింత మసకనా? మా ఫోన్ల ఇంతకన్న మంచిగుంటది" అంది. గది గదంతా నవ్వు. ఒక్క క్షణం నేను మల్లాపూర్ పొలంలో నిలబడి ఉన్నాను.

ముందు కుర్చీలోంచి అక్క గొంతు వచ్చింది. "తమ్మీ, గిది ఫోటోనా, బొమ్మనా?"

"ఫోటోనే అక్కా. మన కంటికి ఆనని వెలుగు నుంచి తీసిండ్రు. రంగు మాత్రం మనుషులు అద్దిందే."

అక్క లేచి, కర్ర పట్టుకుని గోడ దాకా నడిచింది. ఉంగరం సగం అక్క తెల్లజుట్టు మీద పడింది. బీడీ మూతి తడిమినట్టు ఉంగరం చుట్టూ వేలు తిప్పి, నా వైపు తిరిగింది. "నాకిప్పుడు అన్ని గిట్లనే కనవడ్తయి. నీ మొకం సుత గిట్లనే ఉన్నది. మసకగున్నవని నువ్వు లేనట్టా?" అని, పిల్లల వైపు చూసి, "మురిసి చూడుండ్రి బిడ్డా" అంది.

నవ్విన పిల్లే ముందుగా లేచి గోడ దగ్గరికి వచ్చింది. దాని వెనుక మిగతావాళ్లు.

ఆ ఉంగరం వెలుగు ఇక్కడికి చేరడానికి అయిదున్నర కోట్ల ఏళ్లు పట్టింది. మల్లాపూర్‌లో చెప్పాల్సిన ఒక్క మాట కోరుట్లలో చెప్పడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది. నిజం ఎప్పుడు బయలుదేరినా ఎప్పుడో ఒకప్పుడు చేరుతుంది. చేరేసరికి చూసే కళ్లు మిగిలి ఉంటాయా అన్నదే భయం. మా అక్కకు ఇంకా కాస్త మిగిలి ఉన్నాయి.