తలవైపు మూడు వందల పది

ఆవిడ అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఆసుపత్రిలో ఇంకెవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ అద్దాలమ్మ. ఆపరేషన్ గదిలో ఆవిడ తుడిచిన బల్ల మీదికి వంగి చూస్తే మన ముఖం మనకు కనిపిస్తుందని పెట్టిన పేరు. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే గది, అదే పని. గుడ్డను నాలుగు మడతలు వేసి, ఒక్కో మడతతో ఒక్కో మూర చొప్పున, తలవైపు నుంచి కాళ్లవైపుకే తుడుస్తుంది. చేతిని వెనక్కి పోనివ్వదు. కొత్తగా చేరినవాళ్లు గుడ్డను గుండ్రంగా తిప్పితే, మురికిని తీస్తున్నారా ఊరేగిస్తున్నారా అని అడుగుతుంది.

అలాంటి మనిషికి ఈ వయసులో పరీక్ష వచ్చిపడింది. శుభ్రతను కొలిచే మిషన్ తెచ్చారు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. దూది పుల్లతో బల్లను రుద్ది, పుల్లను గొట్టంలో దోపి, ఆ గొట్టాన్ని మిషన్‌లో పెడితే పదిహేను సెకన్లలో అంకె చూపిస్తుంది. యాభై లోపు వస్తే పాసు. వరసగా మూడు రోజులు తప్పితే, తుడిచినవాళ్లను ఆపరేషన్ గది నుంచి తీసేసి మెట్లు కడిగే పనికి పంపుతామని పెద్ద సిస్టర్ గోడకు కాగితం అంటించింది. ఆ పుల్ల పట్టుకుని వచ్చే ల్యాబ్ టెక్నీషియన్ ఎవరయ్యా అంటే, సాక్షాత్తూ అద్దాలమ్మ కోడలే.

మొదటి రోజు కాళ్లవైపు తొమ్మిది, మధ్యలో ఎనిమిది, తలవైపు మూడు వందల పది. కోడలు మిషన్‌నే అనుమానించి మరో పుల్లతో చూసింది. తగ్గలేదు. రెండో రోజూ అంతే. రాయడానికి చేతులు రాలేదు, అయినా రాసింది. అద్దాలమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి వెళ్లేటప్పుడు బస్సులో ఇద్దరూ చెరో సీట్లో, ఒకరినొకరు ఎరగనట్టు కూర్చున్నారు.

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ అద్దాలమ్మే ముందు నోరు విప్పింది. ఆ డబ్బా దేన్ని చూసి తనమీద చాడీలు చెబుతోందో తనకు తెలియాలంది.

కోడలు స్టూలు లాక్కుని కూర్చుంది. ప్రాణమున్న ప్రతి కణంలోనూ ఏటీపీ అనే పదార్థం ఉంటుందట. మధ్యలో చిన్న చక్కెర ముక్క, దానికి ఒక పక్క అడినిన్ అనే ముక్క, ఇంకో పక్క రైలు పెట్టెల్లా వరసగా మూడు ఫాస్ఫేట్లు. చివరి పెట్టె ఊడేటప్పుడు అందే శక్తితోనే చెయ్యి లేస్తుంది, గుండె కొట్టుకుంటుంది. తిన్న తిండిలోని శక్తితో కణం ఆ పెట్టెను మళ్లీ తగిలిస్తుంది. రోజంతా అదే పని. ఇలాంటివాటిని న్యూక్లియోటైడ్లు అంటారు. వీటి దగ్గరి చుట్టాలే ఒకదానికొకటి దండలా అతుక్కుని డీఎన్ఏ అవుతాయి, తండ్రి ముక్కును కొడుక్కు తెచ్చిపెడతాయి. అద్దాలమ్మ తన కొడుకు ముక్కును తలుచుకుని, ఆ ఒక్క విషయంలో అవి అంత శ్రద్ధ పెట్టకుండా ఉండాల్సిందంది.

మిషన్‌లో పెట్టే గొట్టంలో మిణుగురు పురుగులో ఉండేలాంటి మందు ఉంటుంది. ఏటీపీ తగిలితే అది వెలుగుతుంది. ఎంత వెలుగో అంత అంకె.

"అంటే నేను తుడిచిన చోట క్రిములున్నాయనేగా?" అంది అద్దాలమ్మ.

"క్రిములే కానక్కర్లేదు అత్తయ్యా. రక్తం, తిండి, చెమట, ఏది అంటుకున్నా వెలుగుతుంది. మీరు తుడిచాక అక్కడ ఏదో తగులుతోంది."

తన తర్వాత ఆ గదిలోకి వచ్చేది కోడలొక్కతే, మరి తగిలేదెవరని అద్దాలమ్మ అడిగింది. ఆ పూట ఇద్దరికీ భోజనం సయించలేదు.

మూడో రోజు కోడలు ముందే వచ్చి, తలుపుకున్న అద్దంలోంచి కళ్లలో వత్తులు వేసుకుని చూసింది. మడత తర్వాత మడత, తల నుంచి కాళ్లకు. వంక పెట్టడానికి లేదు. అద్దాలమ్మ గుడ్డను సంచిలో పడేసింది. గ్లవ్స్ విప్పింది. తలుపు వైపు రాబోతూ ఒక్క క్షణం ఆగి, బల్ల తలవైపు పసివాడి బుగ్గ తట్టినట్టు అరచేత్తో రెండుసార్లు తట్టింది.

కోడలు గబగబా లోపలికి వచ్చింది. "అత్తయ్యా, ఇప్పుడేం చేశారు?"

"ఏం చేశాను? గ్లవ్స్ తీశాను."

"ఆ తర్వాత?"

అద్దాలమ్మ తన అరచేతిని తిప్పి చూసుకుంది. కొడుక్కు తొమ్మిదేళ్లప్పుడు అపెండిక్స్ ఆపరేషన్ చేసిన రోజు కూడా బల్ల తనే తుడిచింది. వాడి తల ఆనే చోట తట్టి, జాగ్రత్తగా చూసుకోమని బల్లకు చెప్పింది. వాడు క్షేమంగా లేచాడు. తర్వాత బల్ల రెండుసార్లు మారింది, చెయ్యి మాత్రం ఆ అలవాటు మానలేదు. ఇన్నేళ్లుగా ముక్కూ మొహం తెలియని వాళ్లందరి కోసం ఆ చోటును తడుతూనే ఉంది, ఆ సంగతి తనకే తెలియకుండా. ఆవిడకు ముందు సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే కళ్లు తడిశాయి.

"తుడవడం అయిందని తలుపుకు పలక ఇంకా తగిలించలేదు కదా, అది తగిలించాకే నేను కొలిచేది," అంది కోడలు.

ఆ ఒక్క చోటే తుడిస్తే తుడిచినట్టు కాదని, అద్దాలమ్మ కొత్త గ్లవ్స్ వేసుకుని మొత్తం బల్లను మొదటి నుంచీ తుడిచింది. గ్లవ్స్ విప్పి, చేతులు రెండూ వీపు వెనక గట్టిగా పట్టుకుని బయటికి వచ్చి పలక తగిలించింది. కోడలు పుల్ల రుద్దింది. పదిహేను సెకన్లు ఇద్దరూ మిషన్ మీదికి వంగి చూశారు. ఏడు.

అద్దాలమ్మ చెయ్యి ఊరుకోలేకపోయింది. కోడలి బుగ్గ మీద రెండుసార్లు తట్టింది.

కోడలు కొత్త దూది పుల్ల తీసింది. "ఇక్కడ కూడా చూడమంటారా అత్తయ్యా?"

"చూసుకో. ఎంతొస్తే అంత రాసెయ్యి," అంది అత్తగారు.