కూత ఆగేదాకా వంచిన మోచెయ్యి

కబడ్డీలో నన్ను పట్టాలంటే ఏడుగురూ కావాలని నాచారమంతా చెప్పుకు తిరిగేవాణ్ణి. ఆ ఆదివారం ఒక్కడూ పట్టలేదు. నా కాలికి నా కాలే అడ్డుపడి, కుడిచెయ్యి నేలకు ఆనించి పడ్డాను. ఉప్పల్‌లో స్టేడియం కడుతున్న రోజులవి. చూస్తే మోచెయ్యి దాని చోట లేదు, వెనక్కి పొడుచుకొచ్చింది.

దవాఖానాలో ఎక్స్‌రే తీశారు. "ఎల్బో డిస్‌లొకేషన్. లిగమెంట్లు కూడా దెబ్బతిన్నయి," అన్నాడు డాక్టరు. మత్తిచ్చి కీలు ఎక్కించి, పిండికట్టు స్లాబ్ వేశాడు. "మాలిష్ మాత్రం జేయించకు," అన్నాడు.

స్లాబ్ విప్పితే చెయ్యి కర్రలా ఉంది. కార్ఖానాలో నా పక్క లేత్ మిషన్ మీద పనిచేసే నర్సింగ్ మామకు జాలేసింది.

"ఏంది అల్లుడా, గిట్లయినవ్? బొక్కలు కట్టే పహిల్వాన్ తోని నూనె రుద్దిస్తే ఇట్టే వంగుతది, పా!"

ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, నాకు డాక్టరు కంటే మామే దగ్గర. పహిల్వాన్ రుద్దాడు, గుంజాడు, మళ్లీ రుద్దాడు. చెయ్యి వాచి, ఉన్న వంపు కూడా తగ్గింది. అన్నం ముద్ద ఛాతీ దాకా వచ్చి ఆగిపోయేది. ముద్దే ఎత్తలేని చేత్తో లేత్ ఎట్లా నడిపేది?

"కండలో ఎముక పెరుగుతున్నది. మయోసైటిస్ ఆసిఫికన్స్. చెయ్యి గిట్లనే ఉండిపోవచ్చు," అన్నాడు డాక్టరు. నాకు ఒక్క జోకూ తట్టలేదు.

వాపు తగ్గాక ఫిజియోథెరపీకి పంపారు. అక్కడ సునీత మేడం, విజయవాడ ఆవిడ. "నేను వంచను, ఇంకెవర్నీ వంచనివ్వకండి. మీ చెయ్యి మీరే వంచాలి," అన్నారు. నేను కాస్త వంచి, నొప్పి పుట్టగానే దించేసి ముచ్చట్లలోకి దిగేవాణ్ణి. విని విని ఓ రోజు అన్నారు:

"కబడ్డీ ఆడతానన్నారుగా? చెయ్యి వంచి కూత పెట్టండి. కూత ఆగేదాకా దించకూడదు."

ఎంత తెలివి! నా రోగం నోట్లో ఉందని కనిపెట్టి, ఆ నోటితోనే వైద్యం చేశారు. నేను "కబడ్డీ కబడ్డీ" అంటుంటే మోకాళ్ల పేషెంట్లు పాయింట్లు ఇచ్చేవాళ్లు. నెలలు పట్టింది. ఒక పొద్దున పప్పన్నం ముద్ద పెదవికి తగిలింది. నమలడం మరిచిపోయాను.

ఇప్పుడు లేత్ నడుపుతున్నాను. చెయ్యి పూర్తిగా చాపలేను కాబట్టి కబడ్డీకి అంపైర్‌గా వెళ్తున్నాను. నేను చెప్పేది ఒక్కటే: దెబ్బతిన్న మోచేతిని ఎంత ప్రేమగల మామ చెప్పినా రుద్దించకండి.

ఆ ముద్ద తిన్ననాడే మేడం దగ్గరికి ఉరికాను. "మేడం, చెయ్యి నోటిదాక వచ్చింది! ఇగ ఏం జెయ్యాలె?"

ఆమె తలెత్తకుండానే అన్నారు: "అప్పుడప్పుడు అక్కడే అడ్డం పెట్టుకోండి."