తపస్సు మానుకు రివర్బ్

తిరుపతిలో మేడ మీద ఒక్క గదిలో రికార్డింగ్ స్టూడియో నడుపుతున్నాను. వచ్చేవాళ్ళందరిదీ ఒకటే పాట: "కొంచెం రివర్బ్ పెంచండి సార్." రివర్బ్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. గొంతు గోడలకు తగిలి తిరిగొచ్చే మోత. గుళ్ళో పాడితే ఒకలా ఉంటుంది, బావిలోకి అరిస్తే ఇంకోలా ఉంటుంది. ఇప్పుడు గుడీ అక్కర్లేదు, బావీ అక్కర్లేదు. కంప్యూటర్లో ఒక గీతను అటు జరిపితే చాలు, నా పది అడుగుల గదిలో పాడినవాడు పెద్ద మండపంలో పాడినట్టు వినిపిస్తాడు. భజనకు రివర్బ్, పెళ్ళి పాటకు రివర్బ్. టమోటాల బండి మైకులో వేసుకునే కేకకు కూడా రివర్బ్ కావాలని ఒకాయన నిజంగానే అడిగాడు. పెట్టిచ్చాను. అడిగింది పెట్టడమే కదా మన పని అని సర్దిచెప్పుకునేవాణ్ణి. ఆ మాట గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మా చిత్తూరు వైపు ధర్మరాజుల గుళ్ళలో పద్దెనిమిది రోజులు భారతం జరుపుతారు. అందులో ఒక పగలంతా అర్జునుడి తపస్సే. తాటిచెట్టంత మాను పాతి, దానికి మెట్లు కొడతారు. అర్జునుడి వేషం కట్టినాయన పద్యాలు పాడుకుంటూ ఒక్కో మెట్టే కొస దాకా ఎక్కుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు స్నానం చేసి, తడిబట్టలతో ఆ మాను చుట్టూ బోర్లా పడుకుంటారు. మొహం నేలకు ఆనించి, కళ్ళు మూసుకుని ఉంటారు. చివరి పద్యం అయ్యాక లేచి కొంగు పట్టాలి. పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయ కొంగులో పడితే కడుపు పండుతుందని నమ్మకం.

కార్వేటినగరం దాటాక ఉన్న ఒక ఊరి భారతం కమిటీ ప్రెసిడెంటు, తమ ఊళ్ళో అర్జునుడి వేషం కట్టే పెద్దాయన్ని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. పెద్దాయనకు అరవై దాటాయి.

"పోయినేడు మాను సగం ఎక్కినాక దగ్గినాడప్పా. వీడియోలో సూసి అందురూ నవ్వినారు" అన్నాడు ప్రెసిడెంటు, ఆయన పక్కనే నిలబడి ఉండగానే. "ఈసారి ఆయన ఊరికే ఎక్కతాడు. పాట స్పీకర్లో వస్తాది."

పెద్దాయన హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. మైకు ముందు నిలబడి పద్యాలన్నీ ఒక పూటలో పాడేశాడు. ఏం గొంతు అది. పాడటం అయ్యాక హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, "ఈడ నిలబడుకోని పాడితే మాను యెక్కినట్టు యెట్లుంటాది నాయనా?" అని అడిగాడు.

నేను నవ్వాను. "మీకెందుకు దిగులు పెద్దాయనా, ఎఫెక్ట్ పెడతా. ఆకాశంలోంచి పాడినట్టే ఉంటుంది" అన్నాను.

మిక్సింగ్ రోజు ప్రెసిడెంటు నా కుర్చీ వెనకే నిలబడ్డాడు. "పెంచు. ఇంకా పెంచు. గుడిగంట మోగినట్టు ఉండాల." బయట నాలుగు స్పీకర్లలో వేస్తే మాటలన్నీ కలిసిపోతాయని, ఒక పద్యం మోత ఆగకముందే ఇంకో పద్యం వచ్చి పడుతుందని చెప్పాను. "నువ్వు పెంచబ్బా, నేను సెప్తా ఉండా గదా" అన్నాడు. పెంచాను.

ఆ ఊళ్ళో తపస్సు ఉందని నా నోటి నుంచే మా చెల్లెలు విన్నది. దాన్ని నగరిలో మరమగ్గాలు ఆడించే ఇంటికి ఇచ్చాం. పొద్దస్తమానం ఆ మోతలోనే ఉండి కూడా, వంటింట్లోంచే ఏ మగ్గం ఆగిందో చెప్పగలదు. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. ఎక్కని ఆస్పత్రి మెట్టు లేదు. "ఈ ఒకటీ సేసి సూస్తా అన్నా. ఇంక యెవుర్నీ యేమీ అడగను" అంది. నాకు ఆ నమ్మకాలు లేవు. కానీ దాని మొహం చూసి కాదనలేకపోయాను.

ఆ రోజు మాను చుట్టూ ముప్పై మందికి పైగా పడుకున్నారు. పడుకోబోయే ముందు, పక్కన కోడల్ని పడుకోబెడుతున్న ముసలామె మా చెల్లెలికి నేర్పింది. "కండ్లు తెరవగూడదు పాపా. చెవులే మనకు కండ్లు. ఆయన గొంతు పైకి పోతా ఉంటాది. కొసకు పొయినాక సన్నంగా, యాడ్నించో వచ్చినట్టు వస్తాది. అది నిలిచినాక లెయ్యి." స్పీకర్ల దగ్గర నిలబడ్డ నాకు ఆ మాట వినబడింది. అంతలోనే పాట మొదలైపోయింది.

నాలుగు మూలల్నించీ నాలుగు స్పీకర్లు మోగుతున్నాయి. పెద్దాయన మొదటి మెట్టు మీద ఉన్నప్పుడు ఎంత మోతో, పదో మెట్టు మీద ఉన్నప్పుడూ అంతే మోత. ఆయన పెదవులు కదిలిస్తూ ఎక్కుతున్నాడు. గొంతు మాత్రం కిందే, అందరి నెత్తినా తిరుగుతోంది. ఒకామె సగంలోనే లేచి కొంగు పట్టింది. పక్కవాళ్ళు మళ్ళీ పడుకోబెట్టారు. చివరి పద్యం అయిపోయింది. కానీ నేను పెట్టిన మోత అయిపోలేదు. అది ఊగుతూనే ఉంది, వీళ్ళు ఇంకా పద్యం నడుస్తోందనుకుని పడుకునే ఉన్నారు. పైనుంచి నిమ్మకాయలు వీపుల మీద పడి దొర్లిపోయాయి. చూస్తున్నవాళ్ళు "లేయండి, లేయండి" అని అరిచారు. మా చెల్లెలు లేచి కొంగు పట్టేసరికి పైన ఆయన చేతులు ఖాళీ. అది అట్లాగే కొంగు చాపుకుని, మొహమంతా మట్టితో, పైకి చూస్తూ నిలబడింది.

నేను నేరుగా కమిటీవాళ్ళు కూర్చున్న స్టేజీ దగ్గరికి పోయాను. "భలే కుదిరిందప్పా" అన్నాడు ప్రెసిడెంటు.

"మీరు యాడ కూర్చోని విన్నారు?"

"ఈడే, కుర్చీలో."

"పోయి ఆ బురదలో బోర్లా పండుకోని, కండ్లు మూసుకోని వినండి."

ఆయన పక్కవాళ్ళ వైపు చూసి నవ్వాడు. "నిమ్మకాయలే గదా. కిలో తెప్పించి ఇస్తాలే, తీసుకోని పో."

చెయ్యి చేసుకోకుండా ఎలా వచ్చానో నాకే తెలీదు. పెద్దాయన మాను దిగి, నా పక్కనుంచే నడిచిపోయాడు. నా వైపు చూడలేదు.

ఆ తర్వాత కనబడ్డవాళ్ళందరికీ ఈ కథ చెప్పాను. ఆ మనిషి మొండితనం, ఆ దిక్కుమాలిన రివర్బ్, అదే మా చెల్లెలి కొంప ముంచిందని తిట్టాను. నా తప్పు లేదని చూపించడానికి నా దగ్గర సాక్ష్యం కూడా ఉంది. ఎఫెక్ట్ ఏమీ పెట్టని అసలు రికార్డింగు, పెద్దాయన పాడింది పాడినట్టు, దాచిపెట్టుకున్నాను.

చెల్లెలు ఏదో పని మీద తిరుపతికి వచ్చినప్పుడు దాన్ని కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టాను. ముందు ప్రెసిడెంటు చేయించింది వినిపించాను. తర్వాత అసలుది. ఎంత శుభ్రంగా ఉందో, ప్రతి మాటా ఎలా తెలుస్తోందో, ఇదే వేసి ఉంటే దానికి ఆ గతి పట్టేది కాదని చెబుతూనే ఉన్నాను. అది చెయ్యెత్తి నన్ను ఆపింది. కళ్ళు మూసుకుని చివరి పద్యం దాకా విన్నది. తర్వాత హెడ్‌ఫోన్ తీసి, ఆ పెద్దాయన పెట్టినచోటే బల్ల మీద పెట్టింది.

"రెండూ ఒకటే అన్నా" అంది. "దేంట్లోనూ ఆయన మాను యెక్కలే."