అవ్వ చెప్పిన కారణం

మా పక్కింటి అవ్వ పోయింది. పొద్దున పొయ్యి ముందు కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయిందని కొడుకు ఫోన్ చేశాడు. కడోదరాకు పోయిన నేను తిరిగి మా భేస్తాన్ చేరేసరికి వరండాలో పడుకోబెట్టారు. బాప్తిస్మం ఇవ్వమని ఆమె నన్ను అడిగింది. ఇవ్వకుండానే పంపించాను. సహోదరులారా, ఆ మాట ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

వాళ్లది కరీంనగర్ వైపు నుంచి ఈ పరాయి రాష్ట్రానికి మగ్గాల పనికి వచ్చిన కుటుంబం. కొడుకు సచిన్ పారిశ్రామికవాడలో మిల్లుకు పోతే, అవ్వ ఇంట్లో కూర్చుని చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించేది. మా గదిలో ఆదివారం కూడిక జరుగుతుంటే గడప అవతలే, ఒళ్లో చీరతో వినేది. నేను నరకాగ్ని గురించి ఎత్తుకున్నానంటే తల లోపలికి పెట్టేది.

"గొంతు జర తగ్గియ్యి బిడ్డా. దేవునికి చెవుడు లేదు."

అందరూ నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. కానీ ఆ పూట మిగతా వాక్యం మెల్లగా చదివేవాణ్ణి.

ఒక వానాకాలం ఆమెకు కామెర్లు వచ్చాయి. లేచి నిలబడేదాకా మా ఆవిడ రెండు పూటలా గంజి కాచి తీసుకెళ్లింది. ప్రార్థన మాట కూడా ఎత్తలేదు. ఓపిక వచ్చాక మొదటి ఆదివారం అవ్వ గడప దాటి లోపల కూర్చుంది. కొన్నాళ్లకు, తనను కూడా నీళ్లలో ముంచమంది.

ఈ రాష్ట్ర చట్టం ప్రకారం అడగగానే ముంచడానికి లేదు. ఇచ్చేవాడు ముందుగా కలెక్టర్ అనుమతి తీసుకోవాలి. విచారణ జరుగుతుంది. ఆశ చూపి మార్చాడని తేలితే జైలు. ఈ చట్టాల మీద కోర్టుల్లో వాదనలు నడుస్తూనే ఉన్నాయి. పేదవాళ్లు మోసపోకుండా కాపలా అని ఒకరు, అంతరాత్మకు తాళం అని ఒకరు. నమ్మినదాన్ని పదిమందికి చెప్పే హక్కు ఎక్కడ ఆగాలో వాళ్లకే తేలలేదు. ఆ వాయిదాల కోసం మా అవ్వ వయసు ఆగుతుందా, మీరే చెప్పండి.

ఆమెను కోర్టులో తెలిసిన వకీలు దగ్గరికి తీసుకెళ్లాను. ఎందుకు మారాలనుకుంటున్నావని అడిగాడు.

"కామెర్లతోని పడుంటె వీళ్లు గంజి వోసిండ్రు. గిట్ల జెయ్యమన్న దేవుడు ఎవరో జూద్దామని లోపలికొచ్చిన."

తెలుగు రాని వకీలుకు, ఆలోచించకుండా అదే మాట హిందీలో చెప్పాను. ఆయన కలం పక్కన పెట్టాడు. ఆ గంజి కాగితం మీదికి వస్తే దాన్నే ప్రలోభం అంటారు, విచారణలో ఈవిడ ఇదే చెబితే నువ్వు లోపలికి పోతావు అన్నాడు. బోధ విని మనసు మారిందని చెప్పించమన్నాడు.

అబద్ధికుల మీద ఎన్ని ఆదివారాలు గర్జించానో మీకు తెలుసు. గ్రంథం చంకలో ఉండగానే, కోర్టు మెట్ల మీద, గంజి సంగతి వదిలేయమని ఆమెను బతిమాలాను.

"ముంచుడే అబద్ధంతోని మొదలువెట్టాల్నా బిడ్డా? మన కోడలు వోసిన గంజి వొయ్యలేదంటె నాకు నోరు రాదు."

అనుమతి దరఖాస్తు వకీలు దగ్గరే ఉండిపోయింది. ఎవరికీ చెప్పకుండా ముంచేద్దామా అనుకున్నాను. గ్రంథంలో, దారిలో నీళ్లు కనబడగానే రథం దిగి అక్కడికక్కడే బాప్తిస్మం పొందిన పరదేశి గురించి ఎన్నిసార్లు బోధించలేదు నేను? నాకు ధైర్యం చాలలేదు. ఆమె మళ్లీ అడగలేదు. ఆదివారం వస్తే మాత్రం అందరికంటే ముందే వచ్చి కూర్చునేది. పోలీసులు వస్తే ఏం చెప్పాలో నేను మావాళ్లకు నేర్పుతుంటే, ఆమె ఒక్కతే చీర మీదికి తల వంచుకునేది.

శ్మశానంలో కొడుకు నీళ్లకుండ భుజానికెత్తుకునే ముందు నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నువ్వు జర అవుతల నిలవడు. ఎవడన్న ఫోటో తీసి అమ్మను నువ్వు మార్చినవంటె నీకే కష్టం."

నా మంచికే చెప్పాడు. పోయి గేటు దగ్గర నిలబడ్డాను. అతను చితి చుట్టూ నడుస్తుంటే కుండ చిల్లుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. మూడు చుట్లూ చూశాను. ధార ఆమె చుట్టే తిరిగింది. ఒక్క చుక్క కూడా ఆమె మీద పడలేదు.