దీపాలు ఆర్పాక మిగిలిన బంగారం

నా భార్య సరళకు చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుపోతోందనీ, పోయింది తిరిగి రాదనీ డాక్టరు చెప్పాడు. చూడాలనుకున్నవి వాయిదా వేయవద్దన్నాడు. చీకటి పడితే ఆమె గడప దాటదు. అందుకని సముద్రంలోని పగడాల రీఫ్, ఎర్రకొండ, మంచు శిఖరాలు అన్నీ పొద్దుండగానే ముగిసేలా లెక్కవేసి ప్రయాణాలు సిద్ధం చేశాను. ఆమె మాత్రం పేపర్లోని ఒక ఫొటో చూపించింది. ఈ కాలపు జపాన్ చిత్రకారిణి బంగారు రేకులతో వేసిన తామరకొలను, నగరంలోని గ్యాలరీలో పెట్టారట.

"ముందు ఇది" అంది.

1999 జూలైలో, అంటే ఇక్కడి చలికాలంలో, ఒక ఆదివారం, నగర శివారు గిరావీన్‌లోని మా ఇంటి నుంచి నడిచి, ఒంటిగంట దాటాక పెండిల్ హిల్‌లో రైలెక్కాం. ఎదురుసీట్లో హైదరాబాద్ కుర్రాడొకడు ల్యాప్‌టాప్ బ్యాగు ఒళ్లో పెట్టుకుని కునుకుతున్నాడు.

"సండే కూడా ఆఫీసేనా బాబూ?" అంది సరళ.

"వై టూ కే ఆంటీ. సాల్ మారేలోపు డేట్లన్నీ ఫిక్స్ చెయ్యాలె. లేకుంటే రెండువేలను పంతొమ్మిది వందలనుకొని, నేనింకా పుట్టనే లేదంటది కంప్యూటర్."

సరళ చాలా రోజులకు నవ్వింది.

సెయింట్ జేమ్స్‌లో దిగి, పార్కులో పులిహోర తిని, గ్యాలరీ చేరేసరికి మూడున్నర. చిత్రమున్న గది ముందు, గుడి ముందులాగా, సరళ చెప్పులు విడిచింది. కాపలా ఉన్న పెద్దావిడ అవసరం లేదన్నా వినలేదు.

ఆరు పలకల చిత్రం, మనిషి కంటే ఎత్తు. అరచేయంత రేకులు వరుసగా అంటించారు. రేకు మీద రేకు పడిన చోట సన్నని గీత, దాన్ని దాచలేదు. ఇక్కడ బంగారమంటే రంగు కాదు, బుద్ధుడి లోకంలోని వెలుగు అని పక్కన రాసి ఉంది. అందుకే సూర్యుడు లేడు, ఏ పువ్వుకూ నీడ లేదు. చదివి వినిపించాను.

"నాకు మెరుపే తప్ప ఏమీ తెలియడం లేదండీ. ఇత్తడి పళ్లెంలా ఉంది" అంది సరళ.

పైన దీపాలు మరీ ఎక్కువ. కోణం లెక్కగట్టి ఆమెను అటూ ఇటూ నిలబెట్టాను. లాభం లేదు. "పోదాం పదండి" అంది. ఇలా వెనక్కి వెళితే ఇంకేదీ చూస్తాననదని నాకు భయం వేసింది.

ఐదింటికి మూసేస్తారు. కాస్త ముందు సరళే ఆ పెద్దావిడను ఇంగ్లీషులో అడిగింది, దీపాలు ఆపగలరా అని.

"ఎలాగూ ఆపేదే. కూర్చోండమ్మా" అందావిడ, ఎదురుగా ఉన్న బల్ల చూపిస్తూ.

దీపాలు ఆరిపోయాయి. పై కిటికీలోంచి చలికాలపు మసక వెలుతురు. ముందు పువ్వులు కనుమరుగయ్యాయి, తరువాత ఆకులు, ఆపైన నీళ్లు. బంగారం మాత్రం మిగిలింది, లోపల ఎవరో దీపం పెట్టినట్టు.

"గీతలు కనిపిస్తున్నాయి" అంది సరళ మెల్లగా. "పువ్వులు కనిపిస్తున్నాయా మీకు?"

"లేదు."

"నాకూ లేదు."

ఆ కాసేపు మా ఇద్దరి చూపూ ఒక్కటే. వెళ్లదలచినవారు చలికాలంలో వెళ్లండి, చివరి పావుగంట ఆ బల్ల మీద కూర్చోండి.

తిరుగు రైల్లో సరళ అడిగింది. "రీఫ్‌కు టికెట్లు తీశారా?"

"రేపు తీస్తాను."

"పొద్దున్న వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేలా తీయకండి. చీకటి పడేదాకా అక్కడే ఉందాం."

పెండిల్ హిల్‌లో దిగేసరికి బాగా చీకటిపడింది. నేను చేయందించాను. పట్టుకుంది, కానీ తొందరపడలేదు.