ఇంకొక్క తిప్పు

ఇంట్లో అందరూ అతన్ని స్పానర్ అంటారు. చేసేదేమో కళ్ళజోళ్ళ దుకాణం. అయినా వదులైన స్క్రూ కంటపడితే చాలు, మనవాడి చేతులు ఊరుకోవు. ఎవరింటికైనా కాఫీకి వెళితే వాళ్ళ తలుపు గొళ్ళెం బాగుచేసిగానీ లేవడు. అడిగినవాళ్ళకీ చేస్తాడు, అడగనివాళ్ళకీ చేస్తాడు, నిజం చెప్పాలంటే అడగనివాళ్ళకే ఎక్కువ. ఏది బిగించినా చివర్లో ఇంకొక్క తిప్పు తిప్పితేగానీ మనసుకి ఊరట ఉండదు. కళ్ళజోడుకి ఆ తిప్పు మంచిదే. లోకంలో ఉన్నవన్నీ కళ్ళజోళ్ళు కావు కదా.

అతనికి అక్క మొగుడంటే ప్రాణం. తండ్రి పోయాక చదివించిందీ, ఈ పనిలో పెట్టిందీ బావే. సర్వేయరుగా రిటైరైన ఆ మనిషికి జీవితంలో ఉన్న ఒకే ఒక్క విలాసం పాత స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు. కొన్నప్పుడు ఎర్రగా నిగనిగలాడేదట, ఇప్పుడు ఇటుక రంగుకి దిగింది. రోజూ బానెట్ ఎత్తి, నీళ్ళూ ఆయిలూ చూసుకున్నాకే బావ తాళం తిప్పేవాడు. ఇంకొకరు చెయ్యి పెడితే మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

ఒక ఆదివారం మనవాడు వాళ్ళింటికి భోజనానికి వెళ్ళినప్పుడు, బావ ఆ కారు స్టార్ట్ చేయగానే ఫ్యాన్ బెల్టు కీచుమంది. బావ కళ్ళజోడు కోసం లోపలికి వెళ్ళాడు. ఇంకేముంది, మనవాడు ఇంజనాపి, బానెట్ ఎత్తి, బెల్టు లాగి బిగించాడు. అలవాటు కొద్దీ ఇంకొంచెం లాగాడు. కీచు పోయింది. చెబితే బావ చిందులు తొక్కుతాడని నోరు మెదపలేదు. పైగా ఆ పూటంతా తనలో తానే మురిసిపోయాడు.

కొన్ని వారాలకి మార్కెట్ రోడ్డు మధ్యలో ఆ కారు ఇంజను పొగలు కక్కింది. బావా, అక్కా ఎండలో నిలబడిపోయారు. వెనకున్నవాళ్ళు హారన్లు కొడుతుంటే ఎవడో "ఈ వయసులో ఇలాంటి కారెందుకు తాతా?" అనేసి పోయాడు. బావ ఇంటికొచ్చి తాళాలు మేకుకి తగిలించాడు. మళ్ళీ తీయలేదు.

ఇంజనుని చల్లబరిచే నీళ్ళ పంపు విప్పింది మనవాడే, ఈసారి బావ వద్దనలేదు. దాని ఇరుసు పట్టుకుని కదిపితే పన్ను ఊగినట్టు ఊగింది. బేరింగు అరిగిపోయి, సీలు చిరిగి, నీళ్ళన్నీ కారిపోయాయి. పంపుని తిప్పే బెల్టు అంత బిగుతుగా లాగుతుంటే బేరింగు మాత్రం ఏం చేస్తుంది? అది తను బిగించిన బెల్టే. సరిగ్గా అప్పుడే ఎదురుగా స్టూలు మీద కూర్చున్న బావ అన్నాడు.

"ఆ రోజు పొద్దున నీళ్ళు చూడటం మర్చిపోయినట్టున్నాన్రా. మతి పోతోంది నాకు."

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. మనవాడి నోట వచ్చిన మాట మాత్రం, "వయసు కదా బావా, మామూలే."

ఆ మాట అన్న క్షణం నుంచీ అతనికి తిండి సయించలేదు. దుకాణంలో ఎవరి ముక్కు మీద కళ్ళజోడు సర్దుతున్నా బావ మొహమే కనిపించేది. రోజూ చెప్పేద్దామని వెళ్ళడం, టీ తాగేసి రావడం. సిగ్గుతో చచ్చిపోయాడనుకోండి. ఈలోగా బావ, బాగుచేయించి కారు అమ్మేద్దామన్నాడు.

ఇద్దరూ పాత పంపు సంచిలో వేసుకుని స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్ళారు. ఇరుకు గది, నేల నుంచి కప్పుదాకా అట్టపెట్టెలు. దుకాణం నడిపే ఆవిడ మాట కటువు, చెయ్యి చురుకు. కౌంటరు మీద కొత్త పంపు పెట్టింది.

"ఇది చవక. లోపల రెక్కలు రేకువి. ఇంకొకటి పోత ఇనుప రెక్కలది, తెప్పించాలి. లేదా మీ పాతదానికే కొత్త బేరింగూ సీలూ వేసిస్తాను. ఈ బండికి అతికినట్టు సరిపోయేది అదే."

"అమ్మే బండికి రేకుది చాల్లేమ్మా," అన్నాడు బావ.

ఆవిడ పాత పంపు ఇరుసు ఊపి చూసి పెదవి విరిచింది. "బెల్టు ఎవరండీ బిగించింది? బొటనవేలితో నొక్కితే కాస్త లోపలికి పోవాలి. ఇలా లాగి కట్టేస్తే కొత్తది వేసినా ఇదే గతి."

బావ మొహం పాలిపోయింది. "నేనే అయ్యుంటానమ్మా. బెల్టు జోలికి ఎప్పుడు వెళ్ళానో గుర్తేలేదు. చూశావురా, ఇదీ మర్చిపోయాను." మెల్లగా రేకు పంపు దగ్గరికి లాక్కున్నాడు. "ఇదే ఇచ్చేయండి."

ఇక మనవాడి వల్ల కాలేదు.

"నేను బావా. నేనే బిగించాను, నీకు చెప్పకుండా. పంపు విప్పినప్పుడే నాకు తెలిసిపోయింది. తెలిసీ వయసు మీద తోసేశాను."

తిడతాడనుకున్నాడు. కొట్టినా బాగుండుననుకున్నాడు. బావ మాత్రం కౌంటరు పట్టుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. మొహంలోకి రక్తం తిరిగొచ్చింది.

"అంటే ఆ రోజు నేను నీళ్ళు చూశానన్నమాట!"

"చూసే ఉంటావు బావా. నువ్వెప్పుడు చూడలేదు గనక?"

బావ పగలబడి నవ్వాడు. "దొంగ వెధవా! ఎంత ఏడిపించావురా నన్ను!" అని భుజం మీద ఒక్కటిచ్చాడు. మనవాడికి కళ్ళనీళ్ళు తిరిగాయి. నవ్వు సగంలో ఆపేసి, బావ అతని దగ్గరికి జరిగాడు. గొంతు తగ్గించి, చిన్నపిల్లాడిలా ఆశగా అడిగాడు.

"మరి మొన్న రాత్రంతా స్టవ్ వెలుగుతూనే ఉంది. ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను, ఆపడం మర్చిపోయాననుకున్నాను. అదీ నువ్వేనా?"

మొన్న మనవాడు ఆ ఇంటి ఛాయలకే పోలేదు. అవునంటే బావ ఇంకోసారి నవ్వుతాడు. ఆ ఒక్క మాట నాలుక చివరిదాకా వచ్చింది. అబద్ధం ఇంత దయగా ఉంటుందని అతనికి ఇంతవరకూ తెలియదు.

"కాదు బావా. అది నేను కాదు."

బావ తలూపాడు. రేకు పంపుని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, ఆవిడ వైపు జరిపాడు.

"పాతదే బాగుచెయ్యండమ్మా. బండి అమ్మట్లేదు. వీడు నడుపుతాడు."

బయటికొచ్చాక బావ మెట్ల మీద ఆగాడు. బావమరిది చెయ్యి పట్టుకున్నాడు.

"డాక్టరు దగ్గరికి వెళ్ళాలనుకుంటున్నానురా. మీ అక్కకి చెప్పలేదు. అక్కడ అడిగినవాటికి నేను భయపడి ఏదో ఒకటి చెప్పేస్తాను. నువ్వు పక్కనుండి ఉన్నదున్నట్టు చెప్పు."